వీడ్కోలు ప్రేమపద్యానికి గణాలు, యతి, ప్రాస చూడడం ఎలా?

చాలామంది ఒకచోటే ఆగిపోతున్నారు. గణాలు (గురులఘువుల గుంపులు) విడగొట్టారు, తేటగీతి అనే ఛందస్సని తేలింది, కింద గీత గీశారు. "ఇప్పుడేం రాయాలి?" అని అడుగుతున్నారు. ఇంకొందరికి అసలు గణాలే తెగవు. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో కుదరాల్సిన పొంతన) దగ్గర టెన్షన్ వచ్చి పద్యమే తప్పని తేల్చేస్తారు.

ఛందస్సు పేరు కనుక్కోవడం సగం పనే. యతి కోసమో, గణం కోసమో కవి మామూలు మాటను వదిలి వేరే మాట పట్టుకున్న చోటు ఒకటుంటుంది. వీడ్కోలు పద్యంలో నొప్పి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఆ చోటు దాకా ఎలా వెళ్లాలో వరసగా చెప్తాను. ఉదాహరణలన్నీ ఈ వ్యాసం కోసం నేను కట్టినవే, కాబట్టి ధైర్యంగా కోసి చూడండి.

మొదటి పద్యం ఇది:

రైలు కదలగ నీచేయి రాలిపోయె
పూవు తొడిమను విడిచిన పోలికగను
మాట గొంతున నిలిచెను మసక గప్పె
కనుల, నీపెట్టె యంకెలు కానరావు

(పెట్టె అంటే రైలు పెట్టె. కళ్ళకు మసక కమ్మి బోగీ మీది అంకెలు కనబడడం లేదని చివరి పాదం.)

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- పద్యాన్ని మీ చేత్తో, పాదానికి పాదానికి మధ్య రెండు గీతలు ఖాళీ వదిలి రాసుకోండి. గుర్తులు పైన, గణాల పేర్లు కింద.
- పెన్సిలు, రబ్బరు. పెన్ను వద్దు.
- సూర్యగణాలు రెండు: నగణం (లలల), హగణం (గల).
- ఇంద్రగణాలు ఆరు: నల (లలలల), నగ (లలలగ), సల (లలగల), భ (గలల), ర (గలగ), త (గగల).
- వృత్తాల (ప్రతి పాదంలో గురులఘువులు ఒకే వరసలో వచ్చే పద్యాల) కోసం, మూడేసి అక్షరాల గణాలను గుర్తుపెట్టుకునే "యమాతారాజభానసలగం" అన్న సూత్రం.

ఇక్కడ "ల" అంటే లఘువు (తేలిక అక్షరం), "గ" అంటే గురువు (బరువు అక్షరం). గుర్తించడం ఎలాగో నాలుగో మెట్టులో ఉంది.

2. పాఠం సరిచూసుకోండి

ఈ మెట్టు దాటేసేవాళ్ళే ఎక్కువ. ఫోన్లో చేతులు మారి వచ్చిన పద్యంలో ఎవరో ఒకరు సంధి విడదీసి ఉంటారు, లేదా పాత క్రియను నేటి క్రియగా దిద్ది ఉంటారు.

మొదటి పాదం చివర "రాలిపోయె" బదులు "రాలిపోయింది" అని ఉందనుకోండి. "పోయె" గల, చక్కని సూర్యగణం. "పోయింది" గగల, అక్కడ ఇమడదు. తప్పు కవిది కాదు, దిద్దినవారిది.

అలాగని నేటి రూపం కనబడగానే అనుమానించకండి. మూడో పాదంలో "మాట గొంతులో నిలిచింది" అన్నా గణాలు చెడవు. "గొంతులో" రగణం, "నిలిచింది" సల. లెక్క వేశాకే తీర్పు.

3. గట్టిగా రెండుసార్లు చదవండి

మొదటిసారి మాటల విరుపుతో, అర్థం కోసం. రెండోసారి రాగం లేకుండా, అక్షరం అక్షరం నొక్కుతూ. ఎవరు వెళ్తున్నారు, ఎవరు ఉండిపోతున్నారు, మాట్లాడేదెవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబు అంచున రాసుకోండి. మన పద్యంలో మాట్లాడేది ప్లాట్‌ఫాం మీద మిగిలిన మనిషి.

4. గురులఘువులు గుర్తించండి

గురువు అయ్యేవి:

- దీర్ఘాచ్చు ఉన్నది, ఐ, ఔ ఉన్నది (రై, నీ, మా)
- సున్నా, విసర్గ ఉన్నది (గొం, యం)
- పొల్లు హల్లు తోడున్నది. "స్టేషన్"లో "షన్" గురువే.
- సంయుక్తాక్షరానికి, ద్విత్వాక్షరానికి ముందున్నది ("గప్పె"లో గ, "పెట్టె"లో పె)

మిగతావన్నీ లఘువులు. ఇబ్బంది పెట్టేవి మూడే.

ఒకటి, ఒత్తు ఉన్న అక్షరం తానై గురువు కాదు, తన ముందుదాన్ని గురువు చేస్తుంది. "ప్రియ" రెండు లఘువులు. ఇంటర్‌లో నేను "ప్రి" మీద గురువు పెట్టి నాలుగు మార్కులు పోగొట్టుకున్నాను. అప్పటినుంచి ఎక్కడ "ప్రియా" అని కనబడినా ముందు నాకు ఆ పేపరే గుర్తొస్తుంది.

రెండు, వట్రసుడి ఒత్తు కాదు. "అమృతం"లో అ లఘువు. "హృదయం"లో హృ కూడా లఘువే.

మూడు, పదాల మధ్య హద్దు. "విరహవ్యథ" సంస్కృత సమాసం కాబట్టి "వ్య" ముందున్న "హ" గురువు. "మన ప్రేమ" రెండు విడి మాటలు కాబట్టి "న" లఘువుగానే ఉంటుంది.

మన పద్యానికి గుర్తులు పెడితే:

1వ పాదం: గల లలలల గగల గల గల
2వ పాదం: గల లలలల లలలల గల లలల
3వ పాదం: గల గలల లలలల లలల గల
4వ పాదం: లలల గగల గలల గల గల

ఎడం ఇచ్చి రాశాను కాబట్టి మీకు గణాలు ముందే కనబడుతున్నాయి. మీరు రాసేటప్పుడు ఎడం లేకుండా వరసగా రాయండి. ఎక్కడ తెంచాలన్నది తర్వాతి పని.

5. ఏ రకం పద్యమో కనిపెట్టండి

ముందు అక్షరాలు లెక్కపెట్టండి. నాలుగు పాదాల్లోనూ ఒకే సంఖ్య వస్తే వృత్తమని అనుమానించండి. 20 అక్షరాలుండి "గలల గలగ" అని మొదలైతే ఉత్పలమాల, 21 ఉండి "లలల లగల" అని మొదలైతే చంపకమాల. 19 వచ్చి మూడు గురువులతో మొదలైతే శార్దూలం, 20 వచ్చి "లలగ"తో మొదలైతే మత్తేభం.

మన పద్యంలో 13, 15, 14, 13 అక్షరాలున్నాయి. సంఖ్య మారుతోంది కాబట్టి వృత్తం కాదు. జాతి, ఉపజాతుల్లో (అక్షరాల సంఖ్య మారినా గణాల లెక్కతో నడిచే పద్యాల్లో) వెతకాలి:

- తేటగీతి: ప్రతి పాదానికీ ఒక సూర్య, రెండు ఇంద్ర, రెండు సూర్య. యతి నాలుగో గణం మొదటి అక్షరం.
- ఆటవెలది: 1, 3 పాదాల్లో మూడు సూర్య, రెండు ఇంద్ర. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి ఇక్కడా నాలుగో గణం మొదటి అక్షరమే.
- ద్విపద: మూడు ఇంద్ర, ఒక సూర్య. యతి మూడో గణం మొదటి అక్షరం. ప్రాస (పాదాల రెండో అక్షరాల పొంతన) తప్పనిసరి.

కందం, సీసం లెక్క వేరు. వాటిని ఇక్కడ ఎత్తుకోవడం లేదు.

6. గణాలు తెంచండి, ఒక్క పాదాన్ని నమ్మకండి

నాలుగో పాదం ఒక్కటే తీసుకుని ఇలా తెంచి చూడండి:

కనులనీ (లలలగ) / పెట్టెయం (గలగ) / కెలుకాన (లలగల) / రావు (గల)

మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. నిక్షేపంలా ద్విపద పాదం! నిజానికి పద్యం కట్టేటప్పుడు ఇది నేను గమనించనేలేదు, గణాలు సరిచూసుకుంటుంటే తగిలింది.

ఇలాంటప్పుడు రెండు సాక్ష్యాలు అడగాలి. మొదటిది యతి. ద్విపద అయితే మూడో గణం మొదటి అక్షరం "కె". పాదం మొదట ఉన్న "క"తో దానికి అచ్చు కుదరదు. తేటగీతిగా తెంచితే యతిస్థానంలో "కా" వస్తుంది, "క"తో బాగా కుదురుతుంది.

రెండో సాక్ష్యం మిగతా పాదాలు. మొదటి పాదాన్ని ద్విపదలా తెంచితే "రైలుక / దలగనీ / చేయిరా" దాకా నడిచి, చివర "లిపోయె" (లగల) మిగిలి కూలిపోతుంది. కాబట్టి ఇది తేటగీతే.

తెంచేటప్పుడు మాట మధ్యలో గణం విరిగితే కంగారు పడకండి. గణానికి మాటతో పని లేదు.

7. యతి చూడండి

తెలుగు పద్యంలో యతి అంటే ఆగే చోటు కాదు, అక్షరాల స్నేహం. పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ హల్లూ కుదరాలి, అచ్చూ కుదరాలి.

అచ్చుల జట్లు:

- అ, ఆ, ఐ, ఔ
- ఇ, ఈ, ఎ, ఏ, ఋ
- ఉ, ఊ, ఒ, ఓ

హల్లుల్లో తరచు తగిలే జట్లు: క ఖ గ ఘ, చ ఛ జ ఝ శ ష స, ట ఠ డ ఢ, త థ ద ధ, ప ఫ బ భ వ, న ణ. య, హలు అచ్చుతో కలుస్తాయి.

మన పద్యంలో:

- రై, రా: ఐకి ఆకి స్నేహం. కుదిరింది.
- పూ, పో: ఊకి ఓకి స్నేహం. కుదిరింది.
- మా, మ: కుదిరింది.
- క, కా: కుదిరింది.

ఇప్పుడు ఎక్కువమంది బోల్తా పడే చోటు. వెళ్ళిపోతున్న మనిషి జవాబు చెప్తున్నట్టు ఇంకో తేటగీతి పాదం:

ఊరు కనుమరుగయె చేతులూప నేల

ఊరు (గల) / కనుమరు (లలలల) / గయెచేతు (లలగల) / లూప (గల) / నేల (గల)

యతిస్థానంలో "లూ". పాదం మొదట "ఊ". లకారానికీ అచ్చుకీ స్నేహమేమిటి, యతి తప్పిందని రాసేస్తారు. ఆగండి. "చేతులు + ఊప" కలిసి "చేతులూప" అయింది. సంధి జరిగిన అక్షరంలో రెండో మాట తాలూకు అచ్చు ఉంది కాబట్టి "ఊ"ను చూసి యతి చెల్లించవచ్చు. దీన్నే స్వరప్రధాన యతి అంటారు. యతి తప్పినట్టు కనిపిస్తే మొదట చేయాల్సింది ఆ అక్షరం దగ్గర సంధి విడదీసి చూడడం.

ఇదే పాదాన్ని ఎవరైనా "చేతులు ఊప నేల" అని విడదీసి అచ్చువేస్తే ఒక అక్షరం పెరిగి మూడో గణం "గయె చేతులు" (లలగలల) అయిపోతుంది. రెండో మెట్టులో పాఠం చూసుకోమన్నది ఇందుకే.

8. ప్రాసయతి, ప్రాస

ఇంకో పాదం:

నిన్ను విడిచితి నీలోనె యున్న నన్ను

నిన్ను (గల) / విడిచితి (లలలల) / నీలోనె (గగల) / యున్న (గల) / నన్ను (గల)

"ని"కీ "యు"కీ హల్లూ కుదరదు, అచ్చూ కుదరదు. "యున్న"ను విడదీసినా "ఉ" వస్తుంది, లాభం లేదు. అప్పుడు రెండో అక్షరాలు చూడండి. నిన్ను, యున్న. రెండు చోట్లా నకార ద్విత్వం, దాని ముందు గురువు. ఇది ప్రాసయతి. తేటగీతి, ఆటవెలది, సీసాల్లో యతికి బదులు చెల్లుతుంది. వృత్తాల్లో, కందంలో చెల్లదు.

ఇక అసలు ప్రాస. ప్రతి పాదంలో రెండో అక్షరపు హల్లు ఒకటే కావాలి. అచ్చు మారవచ్చు. మొదటి పాదంలో దాని ముందున్నది గురువైతే అన్ని పాదాల్లోనూ గురువే, లఘువైతే లఘువే. తేటగీతికి ఈ నియమం లేదు కాబట్టి మన పద్యంలో వెతికి అలసిపోకండి. ద్విపద తీసుకుందాం:

వెళ్ళిరమ్మని పల్కి వెనుదిరిగాను
కళ్ళలో నీరైలు కదలక నిలిచె

ప్రాసాక్షరం "ళ్ళ". ముందున్న వె, క రెండూ గురువులే. యతి మూడో గణం మొదట: వె–వె, క–క.

మొదటి పాదం గణాలు: వెళ్ళిర (గలగ) / మ్మనిపల్కి (లలగల) / వెనుదిరి (లలలల) / గాను (గల). "వెళ్ళిర"లో "ర"కు లఘువు పెట్టి గణం తప్పిందనేవాళ్ళుంటారు. దాని తర్వాత "మ్మ" ఉంది. ఒత్తు పక్క గణంలోకి వెళ్ళినా బరువు ఈ గణంలోని అక్షరానికే పడుతుంది.

9. పద్యం కాక గేయమైతే

గురులఘువులు పెట్టి మాత్రలు కూడండి. లఘువు ఒకటి, గురువు రెండు.

ఊరు దాటే మలుపు దగ్గర
ఆగి ఒక్కటి అడుగుదామని
వెనుక తిరిగితె వెన్నెలొక్కటె
నిలిచి ఉన్నది

ఊరు 3, దాటే 4, మలుపు 3, దగ్గర 4. మిగతా రెండూ అంతే: 3, 4, 3, 4. చివరి పాదం 3, 4తో సగంలో ఆగింది. ఇది ముత్యాలసరం నడక. యతిప్రాసల నియమం ఇక్కడ లేదు. అంత్యప్రాస కోసం పాదాల చివర చూస్తే "ర, ని, టె, ది", ఏదీ కలవలేదు. కలవలేదని రాయడం కూడా విశ్లేషణే. లేని ప్రాసను బలవంతంగా చూపించకండి.

10. లెక్కలోంచి వీడ్కోలు దగ్గరికి

నా దృష్టిలో అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మొదటి పద్యానికే వస్తే మూడు చోట్లు చూడాలి.

*మాట మార్చి చూడండి.* చేయి "జారిపోయె" అనడం మామూలు మాట. గణాలకు అదీ సరిపోతుంది, "జారి" గల. కానీ "రై"కి "జా"తో యతి కుదరదు. యతి కోసం "రాలిపోయె" వచ్చింది. చేయి జారుతుంది, రాలదు. రాలేది పువ్వు. రెండో పాదంలో పువ్వు రావడానికి దారి వేసింది ఆ యతే. మీ ముందున్న పద్యంలోనూ యతిస్థానంలోని మాటను తీసేసి, రోజూ వాడే మాట పెట్టి చూడండి. ఏం పోయిందో రాయండి.

*లఘువులు గుంపుగా ఉన్న చోటు.* రెండో పాదంలో "తొడిమను విడిచిన" వరసగా ఎనిమిది లఘువులు. ఆ పాదం మొత్తంలో గురువులు రెండే, పూ, పో. తొడిమ విడిచిన పువ్వుకు ఆపేదేముంది? నాలుగో పాదంలో మాత్రం అయిదు గురువులు, అందులో "నీపెట్టె" దగ్గర రెండు పక్కపక్కనే. పోయే పెట్టెను చూపు పట్టి ఆపుతున్నట్టు నాలుక కూడా ఆగుతుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. "లఘువులుంటే వేగం, గురువులుంటే దుఃఖం" అని సూత్రం చేయకండి. పెళ్ళి పద్యంలోనూ గురువులుంటాయి. ఆ పాదంలో జరుగుతున్న పనితో కలిస్తేనే చెప్పండి.

*వాక్యం పాదం దాటిన చోటు.* "మసక గప్పె" దగ్గర పాదం అయిపోయింది, వాక్యం అవలేదు. దేనికి మసక? తర్వాతి పాదంలో "కనుల" వచ్చాకే తెలుస్తుంది. ఆ మూడు లఘువులు గడప దాటి కిందికి జారాయి. కన్నీళ్ళన్న మాట పద్యంలో ఎక్కడా లేదు, గమనించారా?

ద్విపదలో మరొకటుంది. మనం వెళ్ళేటప్పుడు "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. సాగనంపేవారు "వెళ్ళిరా" అంటారు. వీడ్కోలు మాటలోనే తిరిగి రమ్మనడం ఉంది. గణాల ప్రకారం చదివితే "వెళ్ళిరమ్" దగ్గర మొదటి గణం తెగుతుంది. బరువు, విరుపు రెండూ "ర" మీదే పడ్డాయి, అంటే రమ్మనడం మీద.

11. తప్పులు, మరమ్మతులు

- *గణం చివర ఒక అక్షరం మిగిలింది.* సంధి విడిపోయి ఉంటుంది, లేదా ఎక్కడో ఒత్తుకు ముందున్న గురువును వదిలేసి ఉంటారు. పాదం చివరి నుంచి వెనక్కి తెంచుతూ రండి, తప్పు త్వరగా దొరుకుతుంది.
- *యతి కుదరలేదు.* వరస ఇది: సంధి విడదీయండి, తర్వాత ప్రాసయతి చూడండి, తర్వాత గణవిభజన మళ్ళీ చూడండి. ఇవన్నీ అయ్యాకే తప్పిందనండి.
- *ఆటవెలదిని తేటగీతి అనుకున్నారు.* రెండో పాదం తెంచండి. అయిదూ సూర్యగణాలైతే ఆటవెలది.
- *అంత్యప్రాసను ప్రాస అని రాశారు.* సినిమా పాటల అలవాటు. ప్రాస పాదం మొదట్లో రెండో అక్షరం, అంత్యప్రాస పాదం చివర.
- *సాఫ్ట్‌వేర్ చెప్పిందే రాశారు.* చేత్తో చేశాక సరిచూసుకోవడానికి వాడండి. సంధి, సమాసం దగ్గర తీర్పు మీదే.

12. అప్పగించే ముందు చూసుకోవాల్సినవి

- పాఠం ఇంకో ప్రతితో పోల్చానా?
- కనీసం రెండు పాదాలు పూర్తిగా తెంచానా?
- యతి ఏ అక్షరానికి ఏ అక్షరంతో కుదిరిందో, అది ఏ రకం యతో రాశానా?
- ఈ పద్యానికి ప్రాస నియమం ఉందో లేదో ముందు చెప్పానా?
- మార్చి చూసిన మాట కనీసం ఒకటి ఉందా?
- ఛందస్సు గురించి నేను రాసిన ప్రతి వాక్యం పక్కన పద్యంలోని మాట ఒకటైనా ఉందా? లేకపోతే ఆ వాక్యం కొట్టేయండి.